“ఎవరంటున్నరు?”: స్కిజోఫ్రీనియా ఉన్న ఒక యువతి మాటతీరుపై కేస్ స్టడీ

ఆమె అనుమతితో ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను: పేట, ఉద్యోగం, కుటుంబంలో కొన్ని వరసలు. మాటలు మాత్రం ఆమె అన్నవి అన్నట్టే ఉంచాను. ఈ కేసంతా ఆ మాటల్లోనే ఉంది. రాసింది ఆమె చదివింది, కొన్ని వాక్యాలు తీసేయమంది, తీసేశాను.

మా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. బీకాం చదివింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ మీద పనిచేసేది. తల్లి, అన్న, వదిన, వాళ్ళ పిల్లలతో సరూర్‌నగర్ వైపు అద్దె ఇంట్లో ఉండేది. సొంతూరు మెదక్ వైపు. తండ్రి చిన్నప్పుడే పోతే మేనత్త దగ్గర పెరిగింది. ఆ మేనత్త చనిపోయిన కొన్ని నెలలకు షాపులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని ఉద్యోగం మానేసింది. తర్వాత కిటికీలు మూసి ఉంచడం, ఫోన్ స్విచాఫ్ చేసి బియ్యం డబ్బాలో దాచడం, రాత్రిళ్ళు ఒక్కతే మాట్లాడటం. ఇంట్లో గాలి సోకిందనుకున్నారు, ఊళ్ళో బంధువులు బాణామతి అన్నారు. ఒక దర్గాకు తీసుకెళ్ళారు, ఊళ్ళో మంత్రం వేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళారు. అలా ఏడాదికి పైగా గడిచింది. ఆ ఇంటివాళ్ళను నేను తప్పుపట్టను. అంతవరకు కూర్చోబెట్టి “ఏం జరుగుతోంది?” అని అడిగినవాళ్ళు వాళ్ళకు అక్కడే దొరికారు.

ఒక రాత్రి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి ఎల్‌బీనగర్ బస్టాప్‌లో కనిపించింది. అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకొచ్చారు. థైరాయిడ్, రక్త పరీక్షలు, స్కాన్ చూసి, ఇంకే శారీరక కారణం లేదని తేల్చుకున్నాక స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనివి ఉన్నాయని నమ్మడం, ఆలోచన, మాట చెదరడం కనిపించే మానసిక జబ్బు) అని నిర్ధారించి రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో సుమారు 300 నుంచి 350 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. నిద్ర కాస్త కుదిరి, కూర్చుని మాట్లాడగలిగిన తర్వాత ఆమెను నా దగ్గరికి పంపారు. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. మందులు రాయను. నా పని వినడం, అంచనా వేయడం, మాటల ద్వారా చేసే చికిత్స.

మొదటి సెషన్‌లో ఆమె చెప్పింది ఇంతే:

“అంటున్నరు. పొద్దుగాల లేస్తే అంటున్నరు. తింటే అంటున్నరు. పంపుతున్నరు మల్ల. ఆపుతలేరు.”

“ఎవరు?”

“వాళ్ళే.”

“వాళ్ళంటే?”

“అదే, అంటున్నరు గద.”

ఇక్కడ చాలా క్లినిక్కుల్లో కేసు షీటు ఇంగ్లిష్‌లో రాస్తారు. ఈ సంభాషణ షీటు మీదికి ఎక్కేసరికి “మనుషులు తన గురించి మాట్లాడుతున్నారని పేషెంట్ చెబుతోంది” అనే ఒక ఇంగ్లిష్ వాక్యం అవుతుంది. కానీ “మనుషులు” అనే మాట ఆమె నోటి నుంచి రానే లేదు. “తన గురించి” అని కూడా ఆమె అనలేదు. ఆమె చెప్పింది క్రియ ఒక్కటే. ఇంగ్లిష్ వాక్యానికి కర్త లేకపోతే కుదరదు కాబట్టి రాసేవాళ్ళు ఒక కర్తను తెచ్చి పెడతారు. ఆ ఒక్క చేర్పుతో ఆమె అనుభవంలో లేని స్పష్టత కాగితం మీదికి వచ్చేస్తుంది. అందుకే నేను పేషెంటు మాటల్ని తెలుగులోనే, ఆ యాసలోనే, క్రియ చివరి అక్షరంతో సహా రాసుకుంటాను. మిగతాదంతా ఇంగ్లిష్‌లో ఉన్నా ఆ భాగం మాత్రం అలాగే ఉంటుంది. మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు కూడా మొదట ఇదే చెబుతాను.

తెలుగులో కర్త లేకుండా మాట్లాడటం జబ్బు కాదు. “కరెంటు తీసేశారు”, “రోడ్డు తవ్వుతున్నారు”, “ఊళ్ళో అలాగే అంటారు” అని అందరం రోజూ అంటాం. ఎవరు తీశారో, ఎవరు తవ్వుతున్నారో చెప్పేవాడికీ పట్టదు, వినేవాడికీ పట్టదు. క్రియ చివరి “రు”లో ఎవరో ఒకరు ఉన్నారులే అనుకుని ముందుకు వెళ్ళిపోతాం. ఈ జబ్బులో మనిషి ముందుకు వెళ్ళలేడు. ఆ “రు” దగ్గరే ఆగిపోతాడు. పేరు లేదు, ముఖం లేదు, ఎంతమందో తెలియదు, కానీ పని మాత్రం ఆగకుండా జరుగుతోంది. “అంటున్నరు, పంపుతున్నరు, చూస్తున్నరు.” ఆమె భయమంతా అక్కడే ఉంది. ఎవరో తెలిస్తే భయానికి ఒక హద్దు ఉండేది.

మొదటి సెషన్లలో ఇంకొకటి గమనించాను. ఆమె గురించి ఆమె వాడిన మాటలు దాదాపు అన్నీ “నన్ను”, “నాకు”, “నా మీద”. “నన్ను చూస్తున్నరు”, “నాకు పంపుతున్నరు.” తను చేసిన పని ఒక్కటీ లేదు. పొద్దున లేచింది, స్నానం చేసింది, క్లినిక్‌కు వచ్చింది. కానీ అడిగితే “లేపిన్రు”, “తోలుకొచ్చిన్రు” అనేది. నిజానికి క్లినిక్‌కు తీసుకొచ్చింది తల్లే, కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. లేపింది మాత్రం ఎవరూ కాదు.

“పంపుతున్నరు” అన్నది ఏమిటో తేల్చడానికి చాలా జాగ్రత్త కావలసి వచ్చింది. తన ఆలోచనల్ని బయటివాళ్ళు తలలో పెడుతున్నారన్న అనుభవాన్ని జర్మన్ సైకియాట్రిస్ట్ కర్ట్ ష్నైడర్ ఈ జబ్బుకు మొదటి వరస లక్షణాల్లో ఒకటిగా చెప్పాడు. పాఠ్యపుస్తకంలో అది సూటిగానే ఉంటుంది. తెలుగు మాట్లాడేవాళ్ళ దగ్గర అంత సూటిగా ఉండదు. మనకు ఆలోచన “వస్తుంది”. కోపం వస్తుంది, భయం వేస్తుంది, నిద్ర పడుతుంది, సంగతి గుర్తొస్తుంది. మనసులో జరిగే వాటిని మనం చేసినట్టు కాకుండా మనకు జరిగినట్టు చెప్పడం మన భాష పద్ధతి. అందుకే “నాకు ఏవేవో ఆలోచనలు వస్తున్నయి” అన్నంతలో ఏమీ తేలదు. పరీక్ష ముందు పిల్లవాడూ అదే అంటాడు. నేను అడిగేది ఆ తర్వాతి ప్రశ్న: “వచ్చిన తర్వాత అది నీదేనా?”

ఆమె చాలాసేపు ఆలోచించింది. “వచ్చినంక నాది లెక్కనే ఉంటది. గని నాది గాదు.”

ఈ అనుభవాన్ని ఇంత కచ్చితంగా చెప్పిన వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆలోచన తన తలలోనే ఉంది, తన గొంతులాగే ఉంది, తనకు తెలిసిన మాటలతోనే ఉంది. అయినా తన సొంతం అన్న ముద్ర దాని మీద లేదు. ఇలాంటి మనిషితో “అవి నీ ఆలోచనలేనమ్మా” అని వాదిస్తే ఏం లాభం? అది తనలాగే ఉందని ఆమెకు ముందే తెలుసు. ఆ పోలికే ఆమెను భయపెడుతోంది.

మాట పట్టాలు తప్పడం గురించి ఇప్పుడు చెప్పాలి. స్కిజోఫ్రీనియా అన్న పేరు 1908లో పెట్టిన స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్ ఆయిగెన్ బ్లాయిలర్, ఆలోచనల మధ్య ముడులు వదులవడమే ఈ జబ్బుకు మూలమని భావించాడు. 1979లో అమెరికన్ సైకియాట్రిస్ట్ నాన్సీ ఆండ్రియాసెన్ ఈ మాటతీరులను 18 రకాలుగా విడదీసి నిర్వచించింది. ఆమె పనిలో ముఖ్యమైన ఫలితం ఒకటుంది. ఇవి స్కిజోఫ్రీనియాకే పరిమితం కావు, మేనియాలో, అంటే ఉత్సాహం అదుపు తప్పే జబ్బులో, కూడా విరివిగా కనిపిస్తాయి. కాబట్టి మాట చెదిరిందని వెంటనే ఒక జబ్బు పేరు పెట్టేయకూడదు.

మూడో నాలుగో సెషన్‌లో ఇంటి ఖర్చుల గురించి అడిగితే ఆమె ఇలా చెప్పింది:

“బిల్లు కట్టిన. కట్టినంక కరెంటు కట్ చేసిన్రు. కట్టు తప్పింది అన్నరు. కట్ట మీద మైసమ్మ ఉన్నది గద, కట్టమైసమ్మ, ఆమెకు చీర కట్టిన్రు, పచ్చ చీర. షాపుల పచ్చ చీర రేటు తప్పు పడ్డది, తప్పు నాది అన్నరు. కట్టేసిన్రు నన్ను.”

ఒక “కట్టు” ఎన్ని దారులు పట్టిందో చూడండి. బిల్లు కట్టడం, కరెంటు కట్, కట్టుబాటు, చెరువు కట్ట, ట్యాంక్‌బండ్ కింద ఉన్న కట్టమైసమ్మ గుడి, చీర కట్టు, చివరికి తాళ్ళతో కట్టేయడం. ఒక వాక్యాన్ని తర్వాతి వాక్యానికి కలుపుతున్నది అర్థం కాదు, చప్పుడు. తెలుగువాళ్ళకు శబ్దంతో ఆడుకోవడం కొత్త కాదు. అవధానాల నుంచి బస్సులో పిల్లల వేళాకోళం దాకా అదే ఆట. అందుకే చప్పుడు కలిసినంత మాత్రాన జబ్బు అనుకోను. రెండు విషయాలు చూస్తాను. ఆడుకునేవాడు ఎదుటివాడి ముఖం చూస్తాడు, అందిందా, నవ్వాడా అని. ఆమె నా ముఖం చూడలేదు. ఆడుకునేవాడిని “అది సరే, బిల్లు సంగతేమైంది?” అంటే వెనక్కి వస్తాడు. ఆమె రాలేకపోయింది. అడిగితే ఆ “బిల్లు”ను పట్టుకుని ఇంకో దారిలో వెళ్ళింది. ఈ వెనక్కి రాగలగడాన్నే నేను ఆ తర్వాత నెలల తరబడి కొలతగా వాడుకున్నాను.

ఆ మాటల్లో నిజాలు ఉన్నాయా? కొన్ని ఉన్నాయి. షాపులో ఒక చీర రేటు తప్పుగా కొట్టి మాట పడిన సంగతి నిజమని తర్వాత తెలిసింది. “కట్టేసిన్రు నన్ను” అన్నదీ నిజం. ఊళ్ళో మంత్రం వేసేవాడి ఇంట్లో ఒక రాత్రి చేతులు కట్టి ఉంచారని తల్లి ఏడుస్తూ చెప్పింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన చోట అగ్ని ప్రమాదం జరిగి, తప్పించుకునే వీల్లేక మనుషులు చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. అయినా ఇళ్ళలో, ఊళ్ళలో తాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఆ సంగతి ఎవరికీ నేరుగా చెప్పలేకపోయింది. అది ఒక శబ్దాల గొలుసు చివర బయటపడింది. మైసమ్మ పచ్చ చీరకు మాత్రం ఏ సంఘటనా దొరకలేదు. దాని కోసం ఇక వెతకలేదు. చెదిరిన ప్రతి మాట వెనుకా ఒక రహస్యం ఉంటుందనుకోవడం కూడా ఒక రకంగా పేషెంటును వినకపోవడమే.

ఇక ఆమెకు వినిపించే గొంతులు. రెండున్నాయని తెలియడానికి కొంత కాలం పట్టింది. మొదట అంతా “అంటున్నరు”. కొన్ని వారాలకు “అంటున్నది” అనడం మొదలుపెట్టింది. తెలుగులో ఆడమనిషికీ వస్తువుకూ ఏకవచనంలో క్రియ ఒకటే, కాబట్టి ఇది కూడా అడిగి తేల్చుకోవలసిందే. ఒక రోజు అడిగితే “అత్త” అంది. ఇంకో రోజు అడిగితే “అది, గోడల ఉన్నది” అంది. చనిపోయిన మేనత్త గొంతు ఒక్కో రోజు మనిషిగా, ఒక్కో రోజు గోడలోని చప్పుడుగా ఉండేదని అప్పుడు అర్థమైంది.

రెండో గొంతు మగవాడిది. వాడు తెలుగు మాట్లాడడు, హైదరాబాదీ హిందీలో ఆజ్ఞలిస్తాడు. “చల్, నికల్ ఇధర్ సే” (నడు, ఇక్కణ్ణుంచి బయటికి పో). ఆ రాత్రి ఇంట్లోంచి బయటికి పంపింది ఆ గొంతే. ఈ ఊళ్ళో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడటం అతి మామూలు. కూరగాయల బండి దగ్గర ఒకే వాక్యంలో మూడు భాషలు దొర్లుతాయి. బయటి నుంచి వచ్చిన డాక్టర్లు కొందరు దాన్నే మాట చెదరడంగా రాయడం చూశాను. ఆమె మాటల్లో భాషల కలయిక కాదు, భాషల విభజన ఉంది. ప్రేమ, తిట్టు రెండూ తెలుగులో ఉన్నాయి. ఆజ్ఞ మాత్రం హిందీలో ఉంది. షాపులో సూపర్‌వైజర్ ఆమెతో హిందీలోనే మాట్లాడేవాడు.

గొంతు ఏమంటోందని అందరూ అడుగుతారు. ఎలా పిలుస్తోందని కూడా నేను అడుగుతాను. మనకు ఒక మనిషి ఇంకొకరికి ఎంత దగ్గరో, ఎంత పైనో పిలుపులోనే తెలిసిపోతుంది. అత్త గొంతు మొదట్లో “ఏందే, ఇంక పండుకున్నవా? సిగ్గు లేదానే?” అనేది. ఆ “ఏ” కారంలో చనువు ఉంది, కించపరచడమూ ఉంది. అది బతికి ఉన్నప్పుడు అత్త మాట్లాడిన తీరు కాదట. బతికున్నప్పుడు ఎప్పుడూ “బిడ్డా” అనే పిలిచేదట. 1994లో ఇంగ్లండ్‌లో పాల్ చాడ్విక్, మ్యాక్స్ బర్చ్‌వుడ్ చూపించిందేమిటంటే, గొంతు ఎంత బాధపెడుతుందన్నది అది అనే మాటల మీదే కాదు, దానికి ఎంత శక్తి ఉందని ఆ మనిషి నమ్ముతాడన్న దాని మీద బాగా ఆధారపడుతుంది. ఆ శక్తిని కొలవడానికి ప్రశ్నాపత్రాలు ఉన్నాయి. నాకు మాత్రం ఆమె గొంతులు ఆమెను పిలిచే తీరు మొదటి ఆధారం.

టాన్యా లుర్‌మన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ బాగా పనికొచ్చింది. కాలిఫోర్నియా, ఘనాలోని అక్రా, మన చెన్నై, ఒక్కో చోట 20 మందితో మాట్లాడారు. అమెరికన్లు తమ గొంతుల గురించి ఎక్కువగా హింస, యుద్ధం లాంటి మాటల్లో చెప్పారు. చెన్నైలో చాలామందికి వినిపించినవి చుట్టాల గొంతులు. తిను, స్నానం చెయ్యి, పని చెయ్యి అని చెప్పేవి, తిట్టేవి, సలహాలిచ్చేవి. ఈ సంగతి తల్లికి చెప్పినప్పుడు ఆమె ముఖం తేలికపడింది. తన బిడ్డకు పట్టింది దయ్యం కాదని, ఇలా చాలామందికి జరుగుతుందని ఆమెకు అప్పుడు నమ్మకం కుదిరింది. దీన్ని పట్టుకుని మన దగ్గర గొంతులు మంచివని అనకూడదు. ఇదే మనిషికి ఆ హిందీ గొంతు కూడా ఉంది.

ఇంటివాళ్ళ మాట కూడా విన్నాను. 1986లో అమెరికాలో రూపొందించిన ఒక చిన్న పద్ధతి ఉంది. దగ్గరివాళ్ళను అయిదు నిమిషాలు, మధ్యలో ఆపకుండా, పేషెంటు గురించి చెప్పమంటారు. అందులో ఎంత విమర్శ ఉంది, ఎంత అతి ఆరాటం ఉంది అని చూస్తారు. జార్జ్ బ్రౌన్ లండన్‌లో మొదలుపెట్టిన పరిశోధనల దగ్గర్నుంచి మనకు తెలిసిందేమిటంటే, ఇంట్లో విమర్శ ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. 1987లో వెలువడిన చండీగఢ్ పరిశోధనలో అక్కడి కుటుంబాల్లో ఈ విమర్శ లండన్ కుటుంబాల కంటే తక్కువగా కనిపించింది. కానీ ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది.

అన్న చెప్పింది: “ఇది కావాలనే చేస్తది మేడం. పొద్దుగాల పది దాకా లేవదు. పిల్లగాండ్ల ముంగట ఒర్రుతది. నాకు రాత్రి డ్యూటీ, నిద్ర లేదు. ఏం చెప్పినా కావాలనే వినదు.”

తల్లి చెప్పింది: “ఇది చిన్నప్పటి సంది మంచిగుండె మేడం. అందరికి పెట్టి తినేది. ఏం పాపం చేసిన్నో, దీనికి గిట్లయింది.”

ఇద్దరూ “ఇది” అన్నారు. రాసిన కాగితం మీద చూస్తే రెండూ ఒకటే, వింటే ఒకటి కావు. తల్లి “ఇది”లో ఒళ్ళో పెట్టుకున్న బిడ్డ ఉంది. అన్న మాటల్లో నేను పట్టుకున్నది “ఇది” కాదు, “కావాలనే”. అన్న చెడ్డవాడు కాదు. రాత్రంతా క్యాబ్ నడిపి వచ్చి, పగలు నిద్రపోలేక, అద్దె కట్టలేక, చెల్లెలి కోసం అప్పు చేసిన మనిషి. అయినా ఆ ఒక్క మాట అతన్ని, ఆమెను, ఇద్దర్నీ ఇరికించింది. జబ్బును కావాలని చేస్తున్న పనిగా చూస్తే దాని మీద వచ్చే కోపం న్యాయమే అనిపిస్తుంది. అతన్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడిన గంటల్లో ఎక్కువ భాగం ఈ మాట మీదే గడిచింది. ఏది మందు వల్ల, ఏది జబ్బు వల్ల, ఏది ఆమె వల్ల అని ఒక్కో సంఘటన తీసి విడదీశాం. కొన్నాళ్ళకు అతనే “పది దాకా పండుకుంటది, ఆ గోలీలతోని” అన్నాడు. సమయం మారలేదు, కారణం మారింది.

ఒకసారి కోపంలో అతను “ఎర్రగడ్డల పడేస్తా” అన్నాడట. హైదరాబాద్‌లో పెరిగిన అందరికీ ఈ తిట్టు తెలుసు. ఎర్రగడ్డలో ఉన్నది మానసిక ఆరోగ్య సంస్థ, ప్రభుత్వ ఆసుపత్రి. ఎంతోమంది అక్కడ బాగై ఇంటికి వెళ్ళారు. ఊరు మాత్రం దాని పేరును వెక్కిరింపు చేసింది. అన్న ఆ మాటన్న కొన్ని రోజులకు ఆమెకు వినిపించే మగ గొంతు కూడా అదే అంది, హిందీలో: “ఎర్రగడ్డ భేజో ఇస్కో.” గొంతులు ఎక్కడి నుంచో కొత్త మాటలు తేవు, చుట్టూ ఉన్నవే ఏరుకుంటాయి. దీన్ని అన్నకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే చెప్పాను. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట వినిపించలేదు.

చికిత్సలో మందు చేసిన పని పెద్దది. దాన్ని తక్కువ చేసి చెప్పేవాళ్ళతో నాకు ఏకీభావం లేదు. మాట గొలుసులు మందుతోనే మొదట తగ్గాయి. అయితే ఆ తర్వాత కొత్త చిక్కు వచ్చింది. ఆమె మాట బాగా తగ్గిపోయింది. “ఏమో”, “మంచిగనే ఉన్న”, “ఏం లేదు” తప్ప ఏమీ లేదు. గొంతులో ఎగుడుదిగుడు పోయింది. ఇది జబ్బులోని మాట కరువు కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, మందు వల్ల కండరాలు బిగుసుకోవడం కావచ్చు. చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి. ఆమె నడుస్తున్నప్పుడు చేతులు ఊగడం లేదని గమనించి సైకియాట్రిస్ట్‌కు చెప్పాను. ఆయన మోతాదు సర్దారు. కొన్ని వారాల్లో ముఖంలో కదలిక, గొంతులో రాగం కొంత తిరిగొచ్చాయి. కొంత రాలేదు, ఇప్పటికీ లేదు. ఆ మిగిలింది జబ్బుదే అనుకుంటున్నాం.

గొంతులతో మేం చేసింది సాదా పని. హిందీ గొంతు “నికల్” అన్నప్పుడు వెంటనే కదలకుండా అమ్మ టీ కాచేదాకా ఆగడం. ఆగితే ఏమైంది? ఏమీ కాలేదు. ఇంకోసారి, ఇంకొంచెం సేపు. చావాలనే ఆలోచనల గురించి, ఆ గొంతు అలాంటిది ఏమైనా చెబుతోందా అని ప్రతి సెషన్‌లో సూటిగా అడిగాను. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. రాత్రివేళ ఏమైనా అయితే ఫోన్ చేయడానికి 14416, టెలీ మానస్ నంబరు, తల్లి ఫోన్లో వేసి ఇచ్చాను. అది రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఒక రోజు ఆమె తనంతట తాను చెప్పింది: “నిన్న పొమ్మన్నడు. బాద్ మే అన్న.”

“బాద్ మే” అంటే హిందీలో “తర్వాత” అని. ఈ రెండు చిన్న వాక్యాల్లో చాలా జరిగింది. “అంటున్నరు” పోయి “అన్నడు” వచ్చింది. గుంపు పోయి ఒక మగవాడు మిగిలాడు. రెండోది, “అన్న”. తెలంగాణ మాటలో “నేను అన్నాను” అని. నెలల తర్వాత ఆమె క్రియల్లో తను కర్తగా కనిపించింది, అదీ ఆ గొంతుకు వాడి భాషలోనే బదులిస్తూ. అప్పటి నుంచి “కట్టిన, తిన్న, పోయిన” అనే క్రియలు మెల్లగా పెరిగాయి. ఇంకొన్ని వారాలకు “అన్నట్టు వినపడ్తది” అనడం మొదలైంది. ఆ “అట్టు”లో కాస్త ఎడం ఉంది. గొంతు ఉంది, కానీ అది ఉన్నట్టుగా ఉంది.

ఇలాంటి మాటల్ని పేషెంటుకు నేర్పకూడదని నా గట్టి అభిప్రాయం. “అంటున్నారు అనకు, అనిపిస్తోంది అను” అని దిద్దితే రెండు రోజుల్లో ఆ మాట పట్టేస్తారు. డాక్టరుకు ఏది ఇష్టమో కనిపెట్టడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. “నాకు డోపమిన్ (మెదడులోని ఒక రసాయనం) ఎక్కువైంది మేడం” అని అప్పజెప్పి, ఇంటికెళ్ళి కిటికీలు మూసుకునేవాళ్ళను చూశాను. అడగకుండా, దిద్దకుండా, వేరే సంగతి చెబుతూ వాళ్ళ నోట దొర్లిన మాటకే విలువ.

కంప్యూటర్లతో మాటతీరును కొలిచే పరిశోధనల గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. 2004లో స్టెఫనీ రూడ్, జేమ్స్ పెన్నెబేకర్ తదితరులు డిప్రెషన్‌లో ఉన్న విద్యార్థుల వ్యాసాల్లో ఇంగ్లిష్ “నేను” ఎక్కువగా ఉందని చూపించారు. 2015లో న్యూయార్క్‌లో 34 మంది యువతీయువకుల మాటల్ని కంప్యూటర్‌తో విశ్లేషించి, వాక్యానికీ వాక్యానికీ అర్థం ఎంత కలుస్తోందో చూసి, తర్వాత సైకోసిస్ (ఏది నిజమో తెలియకుండా పోయే మానసిక స్థితి) వచ్చిన అయిదుగురిని సరిగ్గా గుర్తించారు. ఆసక్తి కలిగించే పని, కానీ చిన్న గుంపు. ఇక తెలుగులో “నేను” అనే మాటను లెక్కపెడితే దాదాపు ఏమీ దొరకదు. మన “నేను” క్రియ చివర ఉంటుంది, ఒక్కో యాసలో ఒక్కోలా ఉంటుంది. “అన్నాను”, “అన్న”, “అన్నా” మూడూ ఒకటే. “కట్టిన” అనేది “నేను కట్టాను” అవుతుంది, “కట్టిన చీర” కూడా అవుతుంది. ఇంగ్లిష్ కోసం చేసిన లెక్కను అలాగే తెచ్చి మన పేషెంట్ల మీద వాడితే నష్టమే. ముందు మన యాసలన్నిటిలో, మన క్లినిక్కుల్లో, పేషెంట్ల అనుమతితో, వాళ్ళ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. ఇది సైకియాట్రిస్టులు, భాషాశాస్త్రం వాళ్ళు కలిసి చేయాల్సిన పని. దీనికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు ఆమె ఇంటి దగ్గరే ఒక జిరాక్స్ షాపులో సగం పూట పనిచేస్తోంది. హిందీ గొంతు ఎప్పుడో గాని రాదు. అత్త గొంతు ఉంది. అది “తిన్నవా బిడ్డా” అంటుందట. అది పోవాలని ఆమె కోరుకోవడం లేదు. అది ఉండగా మందు మోతాదు పెంచాలా అన్నదాని మీద నేను, సైకియాట్రిస్ట్ మాట్లాడుకున్నాం. ఆమె పనిని, నిద్రను అది చెడగొట్టనంత వరకు పెంచొద్దని నిర్ణయించాం. ఇంట్లోవాళ్ళతో కలిసి ముందస్తు గుర్తులు రాసుకున్నాం. పేరు చెప్పకుండా “అంటున్నరు” అనడం మళ్ళీ మొదలైతే, చెబుతున్న సంగతికి తిరిగి రాలేకపోతే, అత్త మళ్ళీ “ఏందే” అని పిలిస్తే, వారం ఆగకుండా రావాలి. మూడోది రాయించింది ఆమే.

తేలనిది ఒకటుంది. సంబంధాలు చూస్తున్నారు. మగపెళ్ళివాళ్ళకు ఏం చెప్పాలన్నది ఇంట్లో గొడవ. అన్న “టెన్షన్‌తోని కొన్ని రోజులు పానం బాగలేకుండె” అంటే చాలంటాడు. తల్లి అసలు చెప్పొద్దంటుంది. ఆమె మాత్రం “గొంతులు వినపడేటివి, ఇప్పుడు తక్కువ, గోలీలు వేసుకుంటున్న” అని తనే చెబుతానంటోంది. వచ్చే సెషన్‌కు ముగ్గురినీ కలిపి రమ్మన్నాను.